బాబాయ్ టీ తాగేంతసేపు

పంపు నీళ్ళలో ఇనుము పెద్దగా లేదని కాలేజీ లాబ్ మిషన్ తేల్చి చెప్పిన వారంలోనే మా అమ్మాయి తెల్లగౌను మూడోది పాడైంది. మెడ దగ్గర, చంకల దగ్గర తుప్పు రంగు. తీగ మీద ఆరేసిన గౌను ముందు నిలబడి, మిషనో గౌనో ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారనుకున్నాను. గౌనుకి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది?

"సబ్బు మార్చు," అంది అత్తయ్య వెనక నుంచి.

"మూడు మార్చాను అత్తయ్యా."

"అయితే చెయ్యి మార్చు. నేను ఉతికినన్నాళ్ళు మీ ఆయన చొక్కాలు పాలల్లే ఉండేవి. చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్నారా!"

గౌను తీగ మీంచి తీసి బ్యాగులో కుక్కుకున్నాను. పిల్ల తాగేదీ ఆ నీళ్ళే అన్న భయం అప్పటికే పట్టుకుంది. నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చి చూసుకునే రకాన్ని. పిల్ల ఒళ్ళు వెచ్చగా తగిలితే థర్మామీటర్ మూడుసార్లు పెడతాను. "జ్వరం దానికి కాదు, నీ థర్మామీటరుకొస్తుంది," అంటాడు మా ఆయన.

ఆ మిషన్ సంగతి చెప్పాలంటే ముందు నా చదువు సంగతి చెప్పాలి. డిగ్రీ రెండో ఏడు అయ్యాక మానేశాను. కడుపుతో ఉన్నాను, లాబ్‌లో అడుగుపెడితే వాంతులు. "పురుడు పోసుకున్నాక చూద్దాంలే" అన్నారు అందరూ. ఆ చూద్దాంలేకి మూడేళ్ళు నిండాయి. ఈ ఏడు పట్టుబట్టి మూడో సంవత్సరంలో చేరాను. చేరిన రోజే ఆఫీసు గుమాస్తా కళ్ళద్దాల మీద నుంచి చూసి, "ఇదే ఆఖరి అవకాశం అమ్మాయ్. ఈసారి పోతే పాత రెండేళ్ళ మార్కులూ చెల్లవు. మళ్ళీ మొదటి నుంచి," అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి అంటే మా ఇంట్లో ఇక లేదనే అర్థం.

కెమిస్ట్రీ పరీక్షకి కూర్చోవాలంటే ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం కావాలి. పన్నెండు ప్రయోగాలకి పన్నెండు సంతకాలు. నాకు పదకొండు ఉన్నాయి. పన్నెండోది నీళ్ళలో ఇనుమెంతో కనుక్కునే ప్రయోగం. అది చేసిన రోజు పిల్లకి నిజంగానే జ్వరం, నేను వెళ్ళలేదు.

ఆ ప్రయోగం మిషన్ మీద చేస్తారు. స్పెక్ట్రోఫోటోమీటర్ అని దాని అసలు పేరు, మా క్లాసంతా పెట్టె అనే అంటుంది. నీళ్ళలో మందులు కలిపితే ఇనుము ఉన్నంత మేరా నారింజ ఎరుపు తేలుతుంది. ఆ నీళ్ళని చిటికెన వేలంత నలుచదరపు గాజు గిన్నెలో పోసి పెట్టెలో పెడితే, రంగు ఎంత వెలుతురు మింగిందో అంకె చూపిస్తుంది. తెలిసినంత ఇనుము వేసి ముందే తయారు చేసి పెట్టుకున్న ఐదు సీసాలుంటాయి. మన అంకెని వాటి అంకెలతో పోల్చుకుంటే మన నీళ్ళలో ఇనుమెంతో తెలిసిపోతుంది.

పెట్టెని ముట్టుకునే హక్కు మాత్రం ఒక్కరిదే. ప్రయోగాలు చేయించే మా డిమాన్‌స్ట్రేటర్, పిల్లలు పెట్టిన పేరు ఎక్స్‌ప్రెస్ సార్. నడిచినా, మాట్లాడినా, పాఠం చెప్పినా ఏ స్టేషన్లోనూ ఆగడు. "ఆలస్యం అమృతం విషం" అనేది ఆయన నోట్లో నానే మాట. మొదటి జట్టు నీళ్ళు కలిపి తెస్తే గభాలున పెట్టెలో పెట్టి అంకె చదివాడట, సున్నా పాయింట్ సున్నా నలభై ఒకటి. రెండో జట్టుకి నలభై నాలుగు వచ్చింది. "దగ్గరే కదా, అందరూ నలభై ఒకటి వేసుకోండి," అన్నాడట. ఆ లెక్కన లీటరుకి సున్నా పాయింట్ రెండు మిల్లీగ్రాములు. మా లాబ్ పుస్తకంలో తాగునీళ్ళకి రాసిన హద్దు సున్నా పాయింట్ మూడు. నీళ్ళు మంచివే అని క్లాసంతా తీర్మానం రాసేసింది.

ఇదంతా నాకు చెప్పింది పిచ్చుక, నా బల్ల పక్కన నిలబడే అమ్మాయి. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది, నోరు మూతపడదు.

"ఇంద అక్కా, నాది చూసి రాసేసుకో. ఐదు నిమిషాల పని."

"ఏ నీళ్ళు చేశారే?"

"ఏ నీళ్ళేంటి, కాలేజీ పంపు నీళ్ళే."

మా ఇల్లు కాలేజీ వెనక వీధిలోనే. రెండింటికీ ట్యాంకు ఒకటే. నేను పిచ్చుక రికార్డు వంక చూశాను, నా బ్యాగులో కుక్కుకొచ్చిన గౌను వంక చూశాను. డ్రై క్లీనింగు షాపాయనకి చూపించి మరక పోతుందేమో అడుగుదామని తెచ్చుకున్న గౌను అది.

సార్ దగ్గరికి వెళ్ళాను. మిగతావాళ్ళ సంతకాలన్నీ అయిపోయి, పెన్నుకి మూత పెడుతున్నాడు.

"సార్, నేను ఆ రోజు రాలేదు. ప్రయోగం చేస్తాను."

"చెయ్యక్కర్లేదమ్మా. నలభై ఒకటి వేసుకో."

"చూడని అంకె ఎలా వేసుకోను సార్?"

"చంద్రుడి దాకా వెళ్ళి దూరం కొలిచొచ్చావా? పరీక్షలో రాయలేదూ?"

లాబంతా గొల్లుమంది.

"చంద్రుడు దూరంగా ఉన్నందువల్ల మా పిల్ల గౌన్లు పాడవట్లేదు సార్."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం వేసింది. నవ్వు ఆగిపోయింది. సార్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా. ఇరవై నాలుగు మంది. రెండు గంటలు. పెట్టె ఒక్కటి. తలకి ఐదు నిమిషాలు. అందులోని దీపం మాడిపోతే కొత్తది రావడానికి ఆర్నెల్లు. ఒక్కొక్కళ్ళూ వచ్చి మీటలు నొక్కుతుంటే నేను క్లాసు నడిపినట్టే." ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ ఇరుకులో ఆయనా నలుగుతున్నాడు. "అయినా నీ ముచ్చట ఎందుకు కాదనాలి? శుక్రవారం సంతకాలకి ఆఖరి రోజు. చివరి అరగంట పెట్టె నీకిస్తా. కానీ షరతు. మనవాళ్ళు ఆ రోజు పట్టుకొచ్చిన క్యాను నీళ్ళే వాడాలి, నలభై ఒకటికి దగ్గరగా రావాలి. రాలేదా, నీ చెయ్యి బాగోలేదన్నట్టు. ప్రయోగం తప్పు, సంతకం లేదు. అదంతా ఎందుకూ అంటావా..." పెన్ను మూత మళ్ళీ తీశాడు. "రికార్డు ఇటివ్వు. నలభై ఒకటి వెయ్యి. ఇప్పుడే పెట్టేస్తా."

పెన్ను మొన మీద సిరా తళతళలాడుతోంది. ఆ ఒక్క సంతకంతో నా మూడేళ్ళు ఒడ్డెక్కేవి. కానీ ఒకే రోజు ఇంట్లోనూ చెయ్యే బాగోలేదు, ఇక్కడా చెయ్యే బాగోలేదంటే, ఎక్కడో మండింది.

"శుక్రవారం వస్తాను సార్," అన్నాను. రికార్డు తీసుకుని బయటికొచ్చాను.

బయట తొట్టి దగ్గర లాబ్ అటెండరు గాజు సామాన్లు కడుగుతున్నాడు. అందరికీ ఆయన బాబాయే. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పని.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు తలెత్తకుండా. అన్నీ విన్నాడన్నమాట.

"కత్తిపీట ఇంట్లోనే పిల్ల ఉంది బాబాయ్. నువ్వే చెప్పు, ఆ పెట్టె తప్పు చెబుతుందా?"

"దాని సంగతి నాకేం తెలుసు? అదొచ్చి రెండేళ్ళయింది. అదొచ్చాక నాకు టీ పోయింది, అంతవరకే నాకు తెలుసు."

"టీకీ పెట్టెకీ ఏంటి సంబంధం?"

బాబాయ్ చేతులు తుడుచుకుని, పోయిన టీ కళ్ళ ముందున్నట్టు వీధి వైపు చూశాడు. "ఇదివరకు ఈ ప్రయోగం పొడుగు గాజు గొట్టాల్లో చేసేవాళ్ళు. గొట్టాలు పక్కపక్కన పెట్టి, రంగుకి రంగు కంటితో పోల్చడమే. మందులు కలపగానే అప్పటి పెద్ద సారు 'పోయి టీ తాగిరావయ్యా, నువ్వొచ్చేసరికి రంగు తేలుతుంది' అనేవారు. నేను వీధి దాటి, టీ తాగి, కొట్టాయనతో రెండు మాటలాడి వస్తే, అప్పటికి గానీ ఎర్రబడేది కాదు. ఇప్పుడేముంది? కలపడం, పెట్టెలో పెట్టడం, అంకె రావడం. నన్ను టీకి పొమ్మనే నాథుడే లేడు."

నా చేతిలోని రికార్డు జారి తడి గచ్చు మీద పడింది.

ఇంటికెళ్ళాక పిల్లని పక్కలో వేసుకుని లాబ్ పుస్తకం తెరిచాను. మేమెవరమూ దాన్ని తెరవం, నిరుటివాళ్ళ రికార్డు చూసి రాసేస్తాం. నిరుటివాళ్ళు అంతకు ముందువాళ్ళది చూసి రాశారు. పేజీ కింద, ప్రయోగ విధానం ఆఖరి వాక్యానికి ముందు వాక్యం: 'ద్రావణాన్ని పదిహేను నిమిషాలు నిలవనిచ్చి, తర్వాత కొలవాలి.' మూడుసార్లు చదివాను. తెలిసినంత ఇనుము వేసిన ఐదు సీసాలూ సార్ పొద్దున్నే కలిపి పెట్టుకుంటాడు, వాటికి రంగు నిండుగా తేలి ఉంటుంది. మా నీళ్ళకే ఆ పదిహేను నిమిషాలూ దక్కలేదు. సగం తేలిన రంగుని తీసుకెళ్ళి నిండా తేలిన రంగుతో పోల్చారు. కంటితో చూసే రోజుల్లో రంగు తేలేదాకా ఆగక తప్పేది కాదు. పెట్టె మాత్రం ఎప్పుడు పెట్టినా అంకె ఇచ్చేస్తుంది, అదీ మూడు దశాంశాల దాకా. అంత చక్కగా చెబుతుంటే ఆగాలని ఎవరికి తోస్తుంది?

సార్‌కి ముందే చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే మళ్ళీ చంద్రుడి దగ్గరికి పంపిస్తాడు. కళ్ళతో చూపిస్తే ఏమంటాడో చూద్దామనుకున్నాను.

శుక్రవారం చివరి అరగంటకి క్లాసంతా బల్లల మీద ఎక్కి కూర్చుంది. అందరి సంతకాలూ అయిపోయాయి, వినోదానికి మిగిలింది నేనే. బాబాయ్ ఆ రోజు క్లాసు వాడిన నీళ్ళ క్యానే తెచ్చిచ్చాడు. ఇనుము అడుక్కి దిగకుండా అప్పుడే ఆసిడ్ చుక్కలు వేసి బిగించి పెట్టింది.

గోడ గడియారం చూసి, రికార్డులో టైము వేసి, మందులు కలిపాను. ఏమీ కలవని నీళ్ళతో పెట్టెని సున్నాకి తెచ్చాను. గాజు గిన్నెకి రెండు ముఖాలు మసక, రెండు ముఖాలు తేట. వెలుతురు తేట ముఖాల్లోంచి పోవాలి, వేలిముద్ర పడకూడదు. నీళ్ళోసిన పసిపిల్లని ఎత్తుకున్నట్టు మసక వైపు పట్టుకుని, తుడిచి, లోపల పెట్టి మూత వేశాను.

సున్నా పాయింట్ సున్నా నలభై మూడు.

"అదీ!" సార్ చప్పట్లు కొట్టాడు. "నలభై ఒకటి, నలభై మూడు అన్నదమ్ములే. ఇంత గొడవ దేనికమ్మా? తీసెయ్, రాసుకో, సంతకం పెడతా."

"రాసుకున్నాను సార్. ఉండనివ్వండి."

"దేనికి?"

"ఊరికే."

ఆయన పెట్టె మూత మీదికి చెయ్యి చాపాడు. నేను ముందే చెయ్యి వేశాను. "తియ్యకండి సార్!"

జన్మలో ఏ మేష్టారితోనూ అలా మాట్లాడలేదు. సరిగ్గా అప్పుడే నా బ్యాగులో ఫోను గుర్రుమంది. ఇంటి నుంచే. పిల్ల పడిందేమో. మింగకూడనిది ఏదో మింగిందేమో. మామూలుగా అయితే ఈపాటికి గుమ్మం దాటేదాన్ని. చెయ్యి మూత మీదే ఉంచాను.

"అక్కా, యాభై రెండు!" అరిచింది పిచ్చుక.

అంకె మారింది. చూస్తుండగానే యాభై ఐదు. అరవై. పిల్లలు బల్లలు దిగి చుట్టూ మూగారు.

"పెట్టె వేడెక్కింది," అన్నాడు సార్. "అంకె దానంతటదే పక్కకి జరుగుతోంది. ఆ అంకెలకి అర్థం లేదు."

"అయితే చూద్దాం సార్." గిన్నె తీసి ఉత్త నీళ్ళు పెట్టాను. సున్నా. కదల్లేదు. పొద్దున ఆయన కలిపిన సీసాల్లోంచి లీటరుకి ఒక మిల్లీగ్రాముది పెట్టాను. సున్నా పాయింట్ ఒకటి తొంభై తొమ్మిది. పొద్దున ఆయన చేత్తో చార్టులో రాసుకున్న అంకె అదే. మళ్ళీ నా నీళ్ళు పెట్టాను. ఎనభై ఏడు.

"పెట్టె జరగలేదు సార్. రంగు జరుగుతోంది."

ఫోను మళ్ళీ గుర్రుమంది. నేను గడియారం వంకే చూస్తూ నిముషానికో అంకె వేస్తున్నాను, చేతి చెమటకి పేజీ మెత్తబడుతోంది. సున్నా పాయింట్ ఒకటి పది. ఒకటి ఇరవై రెండు. ఒకటి ఇరవై తొమ్మిది. ఒకటి ముప్ఫై ఒకటి. అక్కడ ఆగింది. మరో నిముషానికీ అదే. మూడుసార్లు తీసి, తుడిచి పెట్టాను. ఒకటి ముప్ఫై ఒకటి, ఒకటి ముప్ఫై ఒకటి, ఒకటి ముప్ఫై.

"సున్నా పాయింట్ అరవై ఆరు మిల్లీగ్రాములు," అన్నాడు వెనక నుంచి లెక్కల్లో గట్టివాడొకడు. "హద్దుకి రెండింతలు దాటింది రా!"

సార్ పెట్టె మీదికి వంగి అంకె చూశాడు. "ఇరవై మూడు రికార్డులకి సంతకం పెట్టేశాను," అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు. అంతలోనే గొంతు బిగించాడు. "షరతు గుర్తుందిగా? నలభై ఒకటి రాలేదు."

"మొదటి నిముషంలో వచ్చింది కదా సార్. అన్నదమ్ములే అన్నారు. అదీ రాశాను." రికార్డు ఆయన ముందు పెట్టాను. ఎడమ పక్క టైము, కుడి పక్క అంకె, నలభై మూడు నుంచి కిందికి మెట్లు మెట్లుగా. "నా చెయ్యి బాగానే ఉంది. వీళ్ళందరి చేతులూ బాగానే ఉన్నాయి. మనం పుస్తకంలోని పదిహేను నిమిషాలే వదిలేశాం."

ఆయన చాలాసేపు చదివాడు. తను పట్టిన కుందేటికి నాలుగో కాలు ఎదురుగా కనిపిస్తోంది, లెక్కపెట్టడానికి నోరు రావట్లేదు.

"సరే. నలభై మూడు దగ్గర ఆపెయ్. కిందివి కొట్టెయ్. సంతకం పెడతా."

"కొట్టెయ్యను సార్."

"పరీక్షకి కూర్చోనివ్వరు, తెలుసుగా?"

తెలుసు. గుమాస్తా కళ్ళద్దాలు కళ్ళ ముందు కదిలాయి. బ్యాగులోంచి గౌను తీసి రికార్డు పక్కన పరిచాను. "ఈ నీళ్ళు మంచివని నా చేత్తో రాసి, అదే చేత్తో పిల్లకి పట్టించలేను. కూర్చోనివ్వకపోతే ఇక్కడే కూర్చుంటా. కావాలంటే మీరు కలపండి. ఇంకో పదిహేను నిమిషాలు నాకు కష్టం కాదు."

పిచ్చుక సంచి జిప్పు లాగిన చప్పుడైంది. తన రికార్డు తెచ్చి, సంతకమైన పేజీ తెరిచి, తీర్మానం మీద అడ్డంగా గీత కొట్టేసింది.

"నాదీ మళ్ళీ చేస్తాను సార్."

"నీకు సంతకం అయిపోయిందిగా అమ్మా!"

"అందుకే ధైర్యం సార్."

గుమ్మం దగ్గర బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను టీకి వెళ్ళిరానా? ఎలాగూ పదిహేను నిమిషాలు పట్టేట్టుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. ఎర్రసిరా పెన్ను తీసి, నా పేజీ కింద 'తరగతి విలువతో సరిపోలేదు' అని రాసి, దాని కింద పన్నెండో సంతకం పెట్టాడు. పేజీ చిరుగుతుందేమో అన్నంత గట్టిగా.

ఆయన రాసింది చదివాను. "పక్కన 'పదిహేను నిమిషాల తర్వాత కొలిచిన విలువ' అని కూడా వెయ్యండి సార్. లేకపోతే చదివినవాళ్ళు నాదే తప్పనుకుంటారు."

ఆయన నా వంక చూసిన చూపుకి అంతకు ముందైతే ఏడ్చేసేదాన్ని. రాసేదాకా అక్కడే నిలబడ్డాను. రాశాడు.

మెట్ల మీదే ఇంటికి ఫోను చేశాను. "అత్తయ్యా, ఏమైంది? పిల్లకేమైంది?"

"పిల్లకేమవుతుంది, నిద్రపోతోంది. టీవీ రిమోటు ఎక్కడ తగలేశావ్?"

ఇంటికెళ్ళి గౌనూ రికార్డూ రెండూ అత్తయ్య ముందు పెట్టాను. జరిగింది చెప్పాను. ఆవిడ ఎర్రసిరా మీద వేలుపెట్టి చూసింది.

"మేష్టారు తప్పని రాసినట్టుందే?"

"తప్పని కాదు. అందరితో కలవలేదని."

"నువ్వు కలిసిందెప్పుడులే. అయితే ఈ ఎర్రసిరాతో గౌన్లు తెల్లబడతాయా?"

"తెల్లబడవు. కానీ చెయ్యి మాత్రం మార్చను."

అత్తయ్య లేచింది. పిల్లకి కాచిన నీళ్ళ చెంబు తీసి తొట్లో ఒంపేసి, పక్కింటివాళ్ళ దగ్గర డబ్బా నీళ్ళు అడిగి తెచ్చి పెట్టింది. గౌనుని కిటికీ వెలుతురుకి పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది. తర్వాత కొంగు దోపి, మంచం కింద నుంచి చెప్పులు ముందుకి లాక్కుంది.

"నీళ్ళ ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది?" అంది. "ఆ అంకె ఇంకోసారి చెప్పు, సరిగ్గా చెప్పు. సున్నా పాయింట్ ఎంతన్నావ్?"